చైనా వేరు మీద నా వాంగ్మూలం

1968 జూన్‌లో నన్ను శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నానికి ఎనిమిది మైళ్ళ దూరంలో ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఉమన్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఊరి పేరు రాయను. అక్కడి పోలీస్ స్టేషన్ గురించి కొంత చెప్పవలసి ఉంది. ఇప్పుడు ఆ స్టేషన్‌లో పనిచేస్తున్న వాళ్ళు అప్పటికి పుట్టి కూడా ఉండరు.

ఆరోగ్య కేంద్రం అంటే ఆరు మంచాలు, ఒక మందుల గది, నడిచినప్పుడు నడిచే ఒక జీపు. పైన మెడికల్ ఆఫీసర్ జగన్నాథరావు గారు, ఆయన కింద నేను, నా కింద కాంపౌండర్ అప్పలనాయుడు, ఇద్దరు నర్సులు. నా హోదా ముందు 'ఉమన్' అని ఎందుకుండేదో నాకు ఎవరూ వివరించలేదు. జగన్నాథరావు గారి హోదా ముందు 'మాన్' అని ఉండేది కాదు.

నాకు రెండు పనులు. పొద్దున ఆడవాళ్ళ ఓ.పి. చూడటం, మధ్యాహ్నం లూప్ వెయ్యడం. లూప్ అంటే గర్భం రాకుండా గర్భసంచిలో అమర్చే ప్లాస్టిక్ చుట్ట. నెలకు ఇన్ని వెయ్యాలని పైనుంచి టార్గెట్ వచ్చేది. వేయించుకున్నవాళ్ళు నొప్పి అనో, రక్తం ఎక్కువగా పోతోందనో తిరిగివస్తే, నెలాఖరు ఫారంలో 'స్వల్ప ఫిర్యాదులు' అనే గడిలో ఒక అంకె వెయ్యాలి. ఆ గడి వేలిగోరంత ఉండేది. ఆ ఫారం గీసిన మహానుభావుడికి అటువంటి స్వల్ప ఫిర్యాదు ఎన్నడూ వచ్చి ఉండదు.

ఇక ముట్టునొప్పి. ఓ.పి.కి ఆ పేరుతో ఎవరూ వచ్చేవారు కాదు. 'కడుపులో నొప్పి', 'నడుము పట్టీసినాది', 'వొంట్లో బాగునేదు' అంటూ వచ్చి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించేవారు. జగన్నాథరావు గారి వైద్యం మూడు దశల్లో ఉండేది. పెళ్ళికానివాళ్ళకు పెళ్ళయితే తగ్గిపోతుంది. పెళ్ళయినవాళ్ళకు ఒక కాన్పు అయితే తగ్గిపోతుంది. కాన్పులు అయినవాళ్ళకు వయసు మళ్ళితే అదే ఆగిపోతుంది. ఆయన్ని ఒక్కణ్ణీ అనడం న్యాయం కాదు. మేము చదివిన పుస్తకంలోనూ దాదాపు ఇంతే ఉండేది. ఈ నొప్పికి పుస్తకంలో ఒక గ్రీకు పేరు ఉంది. ఆ పేరు విప్పితే 'నెలసరి కష్టంగా రావడం' అని అర్థం. అంటే రోగి తెలుగులో చెప్పిన ముక్కనే మేము గ్రీకులో తిరిగి చెప్పి, రోగనిర్ణయం చేశామనుకునేవాళ్ళం. మందుల గదిలో దానికి ఉన్నవి రెండే. నెలలో పదో తారీఖుకు అయిపోయే ఏ.పి.సి. నొప్పి మాత్రలు, ఎప్పటికీ అయిపోని గులాబీరంగు కార్మినేటివ్ మిక్స్చర్. అది గ్యాసుకు ఇచ్చే మందు.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు పదమూడో ఏట నుంచీ ఆ నొప్పి ఉంది. మొదటి రోజు వాంతులు, చెమటలు, నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం. వైద్య కళాశాలలో శవపరీక్ష బల్ల పట్టుకుని నిలబడ్డ రోజులున్నాయి. శవం చూసి భయపడ్డానని మా ప్రొఫెసర్ గారు అనుకున్నారు. ఉద్యోగంలో చేరాక, మరీ లేవలేని రోజున సెలవు చీటీలో 'తలనొప్పి' అని రాసేదాన్ని. మూడు నెలలు అయ్యాక జగన్నాథరావు గారు నన్ను పిలిచి, "అమ్మా, క్రమం తప్పకుండా వస్తోందంటే ఇది చూపు దోషమే" అన్నారు. శ్రీకాకుళంలో తనకు తెలిసిన కంటి డాక్టరుకు ఉత్తరం కూడా రాసిచ్చారు. నిజం చెప్పడం కన్నా కళ్ళజోడు పెట్టుకోవడమే సులువనిపించి పెట్టుకున్నాను. అద్దాలకు పవర్ దాదాపు లేదు.

సెప్టెంబరుకు వచ్చేసరికి ఓ.పి.లో ఈ రకం రోగులు పలచబడ్డారు. మంచి వైద్యం చేస్తున్నానని మొదట నాలో నేనే మురిసిపోయాను. అప్పలనాయుడు ఆ భ్రమ ఎక్కువ రోజులు ఉండనివ్వలేదు.

"తగ్గిపోయి మానీడం కాదండి. ఆళ్ళంతా కళింగపట్నం పోతన్నారు. రంగూన్ సూరమ్మని ఒకావిడున్నాది. సైనా వేరు కాసి ఇస్తాది. మా ఇంటిది కూడా ఎల్లొచ్చినాది."

"మీ ఆవిడకి మన మిక్స్చర్ ఇవ్వలేదా?"

"ఇచ్చినానండి. సీసా నా మీదకి ఇసిరీసింది."

ప్రభుత్వ వైద్యురాలిగా నాకు కోపం వచ్చింది. లైసెన్సు లేకుండా వైద్యం చేసేవాళ్ళను కనిపెట్టి పై అధికారికి రాయడం మా విధుల్లో ఒకటి. ఆ వారం కళింగపట్నంలో లూప్ క్యాంపు ఉంది. క్యాంపు ముగించుకుని, జీపు రోడ్డు మీదే ఆపించి, ఇసుకలో నడిచి వెళ్ళాను. అది నా నెలసరి మొదటి రోజు కూడా. క్యాంపు తప్పదు కనుక వచ్చాను గానీ, చేతిసంచి పొట్టకు అదుముకుని నడుస్తున్నాను.

సూరమ్మకు యాభై దాటి ఉంటాయి. ఎండుచేపలు ఆరబోసిన పందిళ్ళ పక్కన తాటాకు ఇల్లు. గుమ్మంలో కూర్చుని, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తోంది. ఆవిడ కథ తర్వాత తెలిసింది గానీ ఇక్కడే చెబుతాను. భర్త రంగూన్ రేవులో బస్తాలు మోసేవాడు. అతను పోయాక ఆవిడ ఒక చైనా మందుల కొట్టులో పనికి చేరి, వేళ్ళు కడిగి, కోసి, దంచుతూ పదిహేనేళ్ళు గడిపింది. బర్మాలో ప్రభుత్వం మారి మనవాళ్ళు మూటాముల్లెతో తిరిగివచ్చినప్పుడు ఆవిడా వచ్చింది. ఓడ ఎక్కేచోట తనిఖీ వాళ్ళు గాజులు ఉంచేసుకున్నారట. వేళ్ళ మూట విప్పి, వాసన చూసి, తుమ్మి, మూట మాత్రం వదిలేశారట. ఆ తర్వాత కూడా అక్కడినుంచి తిరిగివచ్చేవాళ్ళ చేత తెప్పించుకునేదట.

"నీకు లైసెన్సు ఉందా?" అని అడిగాను.

"అదేటి?" అంది. నన్ను కిందినుంచి పైదాకా చూసి, చుట్ట తీసి పక్కన పెట్టింది. "కూకో తల్లీ. ముందు కూకో. ఈయాల మొదటి దినమా?"

నేను కూర్చున్నాను. ఆవిడ వేడినీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, మడిచి నా చేతికిచ్చి మొదలుపెట్టింది.

"ఏడిగుడ్డ ఎడితే సుకంగా ఉంటాదా, సిరాకేస్తాదా? సెయ్యెట్టి నొక్కితే తగ్గుతాదా, పెరుగుతాదా? నొప్పి ముందొస్తాదా, ఎరుపు ముందొస్తాదా? గడ్డలు పడతాయా? కిందటి నెల ఏ దినం వచ్చినాది?"

నేను ఎం.బి.బి.ఎస్. అయిదున్నరేళ్ళు చదివాను. నన్ను ఎవరూ ఈ ప్రశ్నలు అడగలేదు. అంతకన్నా ఘోరం, నా దగ్గరకు వచ్చిన ఒక్క ఆడపిల్లనూ నేను అడగలేదు.

రంగూన్ కొట్టులో ముసలి చైనా వైద్యుడి లెక్క ఆవిడ నోటికి చెప్పింది. వేడి తగిలితే, నొక్కితే తగ్గే నొప్పి వంట్లో చలివల్ల వచ్చేది. దానికి తాంక్వై అనే వేరు, అల్లం, దాల్చినచెక్క. నొక్కితే పెరిగే నొప్పి రక్తం నిలిచిపోవడం వల్ల. దానికి వేరే కలగలుపు. ఒంట్లో చలి అన్న మాట నా చదువుకు మింగుడుపడలేదు. కాని ఆవిడ అంతటితో ఆగలేదు.

"కడుపుతో ఉన్నదానికి ఇవ్వను. మరీ ఎక్కువ పోయేదానికి ఇవ్వను, ఈ వేరు తాగితే ఇంకా పోతాది. మీరు ఆ సుట్ట ఎట్టినోళ్ళకి అసలే ఇవ్వను. ఎల్లి తీయించుకోమంటాను. పంపితే మీరు తీయరట గదా?"

రెండు వారాల కింద ఇద్దరు ఆడవాళ్ళు లూప్ తీసెయ్యమని వచ్చి, ఎవరు పంపారో చెప్పకుండా గోడకు ఆనుకుని నిలబడ్డ సంగతి గుర్తొచ్చింది. వాళ్ళిద్దరినీ నేను వేలిగోరంత గడిలో రాశాను.

పరీక్షకు పంపాలని చెప్పి ఒక పొట్లం అడిగాను. చైనా అక్షరాలు, మధ్యలో పెద్ద ఎర్ర ముద్ర ఉన్న పాత కాగితంలో చుట్టి ఇచ్చింది. "పంపు తల్లీ. పంపగా మిగిలింది తాగీ. మూడు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసు అయ్యేదాకా కాయాల" అంది.

పరీక్షకు పంపాలంటే ఏ అధికారి పేరున పంపాలో నాకు తెలియదు. పంపలేదు. వచ్చే నెల కాచుకుని తాగాను. వాము, తడి గోనెసంచి, పాతబెల్లం కలిపినట్టు ఉంది. వాంతి కాలేదు. నొప్పి పోలేదు గానీ, మంచం పట్టీ పట్టుకుని ఏడ్చే నొప్పి కాస్తా కుర్చీలో కూర్చుని విసుక్కునే నొప్పి అయింది. ఆ రోజు ముప్పై ఎనిమిది మందిని ఓ.పి. చూశాను. అది వేరు మహిమో, వేడినీళ్ళ మహిమో, ఎవరో ఒకరు నా నొప్పి గురించి నన్ను అడిగినందువల్లో ఇవాళ్టికీ తేల్చి చెప్పలేను. డిసెంబరులో పొట్లం అయిపోతే, ఒక ఆదివారం మామూలు చీర కట్టుకుని బస్సులో వెళ్ళి మళ్ళీ తెచ్చుకున్నాను.

ఇదంతా నడుస్తుండగా ఏజెన్సీ కొండల్లో నక్సలైట్ల తిరుగుబాటు రాజుకుంటోంది. గోడల మీద ఎర్ర నినాదాల్లో చైనా పేరు కనిపిస్తోంది. మైదానంలోని స్టేషన్లకు కూడా కొత్త ఉత్తర్వులు, కొత్త ఎస్సైలు వచ్చారు. మా ఊరికి వచ్చిన ఎస్సైకి ఇరవై ఆరేళ్ళు, పెళ్ళి కాలేదు, ఉత్సాహం విపరీతం. 1969 జనవరిలో ఒక సోమవారం పొద్దున సూరమ్మ ఇల్లు సోదా చేసి, రెండు తట్టల వేళ్ళు, చైనా అక్షరాల కాగితాలు నలభైదాకా స్వాధీనం చేసుకున్నాడు. సూరమ్మను స్టేషన్ వరండాలో కూర్చోబెట్టాడు. అరెస్టు అని రాయలేదు. 'విచారణ నిమిత్తం' అన్నాడు. విచారణ నిమిత్తం అయితే ఎన్ని రోజులు కూర్చోబెట్టినా ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

మర్నాడు ఒక తట్ట మా ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. ఇది విషమా, పేలుడు పదార్థమా, తెలియజేయగలరు అని పైన కాగితం. జగన్నాథరావు గారు తట్టకు ఆరడుగుల దూరంలో నిలబడి ఆ కాగితం మూడుసార్లు చదివారు. తర్వాత అడుగున 'స్త్రీ సంబంధమైనదిగా వినికిడి. కనుక ఉమన్ అసిస్టెంట్ సర్జన్‌కు బదిలీ' అని రాసి సంతకం పెట్టారు. 'ఉమన్' ఎందుకు పనికొస్తుందో ఆ రోజు అర్థమైంది.

గురువారం పదకొండు గంటలకు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ విచారణకు వస్తున్నారనీ, మేమిద్దరం హాజరు కావాలనీ కబురొచ్చింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అంటే నాలుగైదు స్టేషన్ల మీద అధికారి. ఆయన సంతకం ఒక వైపు పడితే సూరమ్మ ఇంటికి పోతుంది. ఇంకో వైపు పడితే విశాఖపట్నం జైలుకు పోతుంది. ఆ రోజుల్లో అక్కడికి పోయినవాళ్ళు ఎప్పుడు తిరిగివస్తారో చెప్పగలవాళ్ళు లేరు.

స్టేషన్‌లో బల్ల వెనక ఇన్‌స్పెక్టర్. నెరిసిన మీసం, అలసిన కళ్ళు. పక్కన ఎస్సై, రాయడానికి హెడ్ కానిస్టేబులు. మాకు రెండు కుర్చీలు. సూరమ్మ గోడ వారగా నేల మీద కూర్చుంది. నాలుగు రోజులుగా చుట్ట లేక చిరాకుగా ఉంది తప్ప భయపడుతున్నట్టు లేదు.

"ఈ వేరు దేనికి?" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

జగన్నాథరావు గారు సీనియర్ కనుక లేచారు. "అది స్త్రీలకు... నెలనెలా... క్రమం ప్రకారం జరిగే..."

"నెలనెలా ఏమిటి? చందాలా?"

"చందాలు కాదండీ... ప్రకృతి సిద్ధంగా..." అని ఆయన నా వైపు చూసి కూర్చున్నారు.

నేను చెప్పబోతుండగా ఎస్సై అడ్డొచ్చాడు. తన దగ్గర ఇంతకన్నా గట్టి ఆధారం ఉందన్నాడు. మూడు నెలలుగా ఒక కానిస్టేబులును మఫ్టీలో పెట్టి, సూరమ్మ ఇంటి తడిక వెనక నుంచి విన్నదంతా రాయించాడట. అది చదవమని హెడ్ కానిస్టేబులుకు సైగ చేశాడు. హెడ్ కానిస్టేబులు గొంతు సవరించుకుని, కోర్టులో చదివినట్టు చదివాడు. నాకు గుర్తున్నంతవరకు ఇలా ఉంది:

"సదరు సూరమ్మ వచ్చిన ప్రతి స్త్రీనీ 'ఎరుపు ఎప్పుడొస్తాది' అని అడుగుచున్నది. ఒక స్త్రీ 'పున్నమి ఎల్లిన రెండు దినాలకి' అని చెప్పినది. మరియొక స్త్రీ 'ఈపాటికి రావాల, రానేదు, నాకు బయ్యింగా ఉన్నాది' అని చెప్పి ఏడ్చినది. అందుకు సూరమ్మ 'మీ పెనివిటికి సెప్పినావా' అని అడిగినది. వేరొక స్త్రీ 'వచ్చినాదంటే ఇల్లంతా కదలనీదు, మూడు దినాలు దాని రాజ్యమే' అని చెప్పినది."

ఎస్సై ఇన్‌స్పెక్టర్ వైపు గర్వంగా చూశాడు. ఇన్‌స్పెక్టర్ గారి కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. ఆయన మీసం కొంచెం కదిలింది. జగన్నాథరావు గారు పైకప్పు వాసాలు లెక్కపెడుతున్నారు. నాకు నవ్వు పొట్టలోంచి తన్నుకొస్తోంది. హెడ్ కానిస్టేబులు మాత్రం ఆగకుండా తర్వాతి పేజీ తిప్పాడు.

"డిసెంబరు మాసములో ఒక ఆదివారమున కళ్ళజోడు గల ఒక స్త్రీ బస్సులో వచ్చినది. చదువుకున్న మనిషి వలె ఉన్నది. సదరు స్త్రీ, 'నాకు పదమూడో ఏట నుంచి ప్రతి నెలా వస్తోంది. పైవాళ్ళకి చెప్పలేదు. వేరే కారణం రాసి సెలవు పెడుతున్నాను' అని చెప్పినది. సూరమ్మ కాగితపు పొట్లము ఇచ్చినది. ఈమె ఈ దళమునకు చదువుకున్న నాయకురాలు అయి ఉండునని తోచుచున్నది."

నా నవ్వు ఆగిపోయింది.

"ఈ కళ్ళజోడు స్త్రీని గుర్తిస్తే మొత్తం డొంక కదులుతుంది సార్" అన్నాడు ఎస్సై. ఇన్‌స్పెక్టర్ గారు సూరమ్మను అడిగారు, ఎవరామె అని.

సూరమ్మ నా వైపు చూడలేదు. "నాకాడికి శానామంది వస్తారు బావూ. పేర్లడగను. నొప్పి అడుగుతాను" అంది.

"పేరు చెబితే ఇవాళే ఇంటికి పోతావు."

"పేరు తెలీదు బావూ."

తెలుసు. జీపులో వచ్చిన నాడే తెలుసు. నాలుగు రోజులు వరండాలో కూర్చున్న మనిషి, కళ్ళ ఎదుట కుర్చీలో కూర్చున్న నన్ను చూపిస్తే లేచి వెళ్ళిపోవచ్చు. చూపించలేదు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, ఉద్యోగంలో ప్రొబేషన్ పూర్తికాలేదు. చుట్టూ నలుగురు మగవాళ్ళు. వాళ్ళెవరి ముందూ ముట్టు అన్న మాట నేను అంతవరకు పలకలేదు. ఆ క్షణంలో ధైర్యం వచ్చిందని చెప్పను. సిగ్గు మాత్రం రెండు వైపుల నుంచీ వచ్చింది. చెబితే ఒక సిగ్గు, చెప్పకపోతే ఇంకో సిగ్గు. రెండోది భరించలేననిపించింది.

"ఆ స్త్రీని నేనే" అన్నాను.

జగన్నాథరావు గారు కుర్చీలోంచి లేచారు. "అయ్యయ్యో, కాదండీ! ఈవిడది తలనొప్పి! నాకు తెలుసు. కళ్ళజోడు నేనే పెట్టించాను!"

"తలనొప్పి కాదండి. ముట్టునొప్పి" అన్నాను. ఒకసారి అన్నాక రెండోసారి తేలికైంది. "ఆ రాతలో ఎరుపు అన్నది ముట్టు. దళమూ లేదు, నాయకురాలూ లేదు. ఈ వేరు ముట్టునొప్పికి ఇచ్చే మందు. రావలసింది రాలేదని ఏడ్చినావిడ గర్భం వచ్చిందేమోనని ఏడ్చింది. అందుకే సూరమ్మ మొగుడికి చెప్పావా అని అడిగింది."

హెడ్ కానిస్టేబులు కలం కాగితం మీద ఆగిపోయింది. ఇదంతా రాయాలా అన్నట్టు ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఎస్సై ముఖం చూసి నాకు జాలేసింది. మూడు నెలల నిఘా!

ఇన్‌స్పెక్టర్ గారు ఎస్సై వైపు ఒకసారి చూశారు. తర్వాత నన్ను అడిగారు. "ప్రతి నెలా ఇలాగే ఉంటుందా? అందరికీనా?"

నేను చెప్పేలోగా సూరమ్మ అందుకుంది. "మీ ఇంట్లో ఆడోళ్ళు నేరా బావూ?"

ఎస్సై గద్దించబోయాడు. ఇన్‌స్పెక్టర్ గారు చెయ్యెత్తి ఆపారు. "నలుగురు కూతుళ్ళు" అన్నారు.

"ఆళ్ళకి రాదా నొప్పి?"

"ఎప్పుడూ చెప్పలేదే."

"అడిగినారా?"

ఆయన బల్ల మీది ఫైలు దగ్గరకు లాక్కుని, "డాక్టర్ గారూ, మీరు నోటితో చెబితే చాలదు. రాసివ్వాలి. ఇది హానికరం కాదని సర్టిఫికెట్ కావాలి. హానికరం కాదని మీకెలా తెలుసని పైవాళ్ళు అడుగుతారు" అన్నారు.

"నేను తాగాను కనుక."

"అదీ రాస్తారా?"

"రాస్తాను."

"రాస్తే ఇక్కడితో ఆగదు. మీ శాఖకు పోతుంది."

తెలుసన్నాను. అక్కడే కూర్చుని రాశాను. ఆఫీసు భాషలో రాయాలి కనుక 'సదరు వేరు కషాయమును నేను ఋతుశూల నిమిత్తము మూడు మాసములు స్వయముగా సేవించితిని. బాధ కొంత ఉపశమించినది. ప్రాణహాని కలుగలేదు. గర్భిణీలకును, అధిక రక్తస్రావము గలవారికిని ఇచ్చుట కూడదని ఇచ్చు స్త్రీయే నిషేధించుచున్నది' అని రాశాను. ఇది ఎట్లు పనిచేయును అన్న చోట 'తెలియదు' అని రాశాను. జగన్నాథరావు గారు భుజం మీదుగా చూసి, ప్రభుత్వ వైద్యుడు తెలియదని రాయకూడదమ్మా, 'పరిశీలనలో ఉన్నది' అని రాయి అన్నారు. తెలియదనే ఉంచాను.

మధ్యాహ్నం మూడు గంటలకు సూరమ్మను వదిలారు. వేళ్ళు, కాగితాలు మాత్రం ఆధారాలు కనుక తిరిగివ్వలేదు. బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం.

"నా పేరు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"సెప్తే నీ కొలువు పోతాది గదా. నీ కొలువు పోతే ఆ సుట్టలు ఎవలు తీస్తారు?" అంది. లెక్క అది. నా మీద ప్రేమ ఏమీ కాదు. తర్వాత అడిగింది, "కాయితంలో నన్నేటని రాసినావు?"

"మందు ఇచ్చు స్త్రీ అని."

"డాట్రని రాసీవలసింది" అని బస్సెక్కింది.

ఆ సర్టిఫికెట్ ఇన్‌స్పెక్టర్ గారు చెప్పినట్టే ప్రయాణం చేసింది. స్టేషన్ నుంచి డీఎస్పీ ఆఫీసుకు, అక్కడినుంచి కలెక్టరాఫీసుకు, అక్కడినుంచి జిల్లా వైద్యాధికారికి. ప్రతి ఆఫీసులోనూ గుమాస్తా దాన్ని ఇన్‌వర్డు రిజిస్టరులో సంగ్రహంగా ఎక్కించాలి. సంగ్రహం రాయాలంటే ముందు చదవాలి. అలా జిల్లాలో సగం ప్రభుత్వానికి నా నెలసరి వివరాలు తెలిశాయి. సమీక్షా సమావేశాలకు వెళితే వెనక బల్లల్లో గుసగుసలు. కొన్నేళ్ళపాటు నాకు 'ఎర్ర డాక్టరమ్మ' అన్న పేరు ఉండిపోయింది. శాఖ నుంచి మెమో వచ్చింది. అనుమతి లేని విదేశీ కషాయమును ప్రభుత్వ వైద్యురాలు సేవించుటకు కారణమేమి అని. నొప్పి అని ఒక్క మాట రాసి పంపాను. మందలింపు అని సర్వీసు రిజిస్టరులో ఎక్కించారు. ప్రొబేషన్ ఆర్నెల్లు పొడిగించారు.

స్వాధీనం చేసుకున్న చైనా కాగితాలను ఎక్కడికో పంపి చదివించడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇన్‌స్పెక్టర్ గారు దాని తెలుగు నకలు ఒకటి నాకు పంపారు. అవి రంగూన్ కొట్టువాడి పొట్లం కాగితాలు. మూడు గ్లాసులు ఒక గ్లాసు అయ్యేదాకా కాయమనీ, చల్లనీళ్ళు తాగవద్దనీ, గర్భిణీలు వాడరాదనీ ఉంది. చివర, 'నకిలీలు కలవు. మా ఎర్ర ముద్ర చూచి కొనుడు' అని ఉంది. నకలుతో పాటు చిన్న చీటీ పెట్టారు. తన రెండో అమ్మాయిని ఫలానా తేదీన నా ఓ.పి.కి పంపుతున్నానని అందులో రాశారు. అమ్మాయి వచ్చింది. నొక్కితే పెరిగే నొప్పి. పరీక్ష చేస్తే అండాశయం దగ్గర నిమ్మకాయంత గడ్డ తగిలింది. విశాఖపట్నం పంపి ఆపరేషన్ చేయించాం. కోలుకుంది.

సూరమ్మకు ఆ వేరు మళ్ళీ దొరకలేదు. రంగూన్ దారి మూసుకుపోయింది. అల్లం, దాల్చినచెక్క, బెల్లంతోపాటు మాచిపత్రి వాడటం మొదలుపెట్టింది. చైనా వైద్యుడు వాడే ఒక ఆకు, మనం వినాయకుడి పూజలో పెట్టే మాచిపత్రి ఒక్క వాసనే వేస్తాయట. వేడి ఇటుక గుడ్డలో చుట్టి ఇచ్చేది. ఫలితం ముందంత లేదని తనే చెప్పేది. లూప్ పెట్టుకుని బాధపడేవాళ్ళను చాటుగా కాకుండా నేరుగా నా దగ్గరకు పంపేది. అడిగినవాళ్ళందరికీ తీసేశాను. టార్గెట్ తప్పినందుకు రెండో మెమో వచ్చింది.

1970లో నన్ను విజయనగరం వైపు బదిలీ చేశారు. ముప్పై రెండేళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నా ఉద్యోగకాలంలోనే ముట్టునొప్పికి మంచి మాత్రలు వచ్చాయి. నేను అవే రాశాను, కషాయం ఎవరికీ రాయలేదు. చైనా వేరు గొప్పదని గానీ, కాదని గానీ అనగలిగేంత నాకు తెలియదు. ఆ ఉదంతం వల్ల నేర్చుకున్నది మందుల గురించి కాదు. నొప్పి అని వచ్చిన మనిషి మాట ముందు నిజమనుకోవాలి, ఆ తర్వాత ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అని ఓపికగా అడగాలి. నా కింద పనిచేసిన హౌస్ సర్జన్లందరికీ సూరమ్మ ప్రశ్నలే నేర్పాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో కూడా చెప్పాను. కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళు కూడా ప్రశ్నలు అడగడం మానకుండా చూసుకున్నాను.